బోరా, కుంటా, గొర్రెలా: ఐదెకరాల మెట్ట బీడుకు ఏది ముందు?

పోయిన ఎండాకాలం పామూరు నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. "బావా, ఐదెకరాలు బీడు పెట్టి ఏడేళ్ళయింది. చేతిలో రెండు లక్షలున్నాయి. బోరేయమంటావా, గొర్రెలు కొనమంటావా?" అన్నాడు. రెండూ వద్దంటే ఏమనుకుంటాడోనని కాసేపు నీళ్ళు నమిలాను. తర్వాత అర్థమైంది, ఇది అతనొక్కడి ప్రశ్న కాదు. కనిగిరి, వెలిగండ్ల, సీఎస్ పురం వైపు చూసినా, అటు నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు వైపు చూసినా ఎర్ర గరప నేల, నెర్రెలు, చిల్లకంప, ఎండిపోయిన బోరు గొట్టం మీద బోర్లించిన రాయి. అందరూ అడిగేది ఇదే.

నాకు కనిగిరి దగ్గర ఆరెకరాలుంది. తెలివితో నేర్చుకున్నవి తక్కువ, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే ఎక్కువ. మా నాయన హయాంలో మూడు బోర్లు వేశాం. మొదటిది 180 అడుగుల్లో పడి ఆరేళ్ళు నీళ్ళిచ్చింది. రెండోది 450 అడుగులు, రెండు వేసవులు. మూడోది 820 అడుగుల దాకా దించితే తెల్లటి దుమ్ము వచ్చింది. ఆ బోర్ల మీద పెట్టిన 140 బత్తాయి చెట్లను చివరి ఏడాది ట్యాంకర్లతో తడిపి, ఇక తాళలేక వదిలేశాం. ఎండిన చెట్లను పొగాకు బ్యారన్‌కు కట్టెలుగా అమ్మిన రోజు మా నాయన పొలానికి రాలేదు.

అందుకే నేను ఇక్కడ చెప్పేవన్నీ నిష్పక్షపాతంగా ఉంటాయని అనుకోవద్దు.

ముందు వాన లెక్క

ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే సుమారు 4 వేల లీటర్లు. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలతో వస్తాయి. అలాంటి ఒక్క రోజున 100 మిల్లీమీటర్లు పడిందనుకోండి. ఎకరానికి 4 లక్షల లీటర్లు, ఐదెకరాలకు 20 లక్షలు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగొందలు వచ్చి మీ పొలంలో కుమ్మరించి పోయినట్టు. మేం డబ్బులిచ్చి తోలించుకున్న ట్యాంకర్లు అన్నీ కలిపినా అందులో పదో వంతు లేవు. ఆ నీళ్ళేమో ఎర్రగా వాగులో పడి, మన్నేరులో కలిసి, సముద్రం దారి పట్టాయి.

మీ నేల ఎంత తాగుతోందో తెలుసుకోవడానికి గుణపం చాలు. ఒక మోస్తరు వాన పడ్డాక మూడో రోజు పొలంలోకి వెళ్ళి రెండు చోట్ల తవ్వండి. ఒకటి ఖాళీగా ఉన్న చోట, ఇంకోటి ఏదో ఒక తంగేడు పొద మొదట్లో. మా పొలంలో ఖాళీ చోట పైన గవ్వలా గట్టిపడిన పొర ఉంది, దాని కింద నాలుగు వేళ్ళ మందం తడి, ఇంకా కిందకు పోతే పొడి మట్టే. రెండు బారల దూరంలో ఉన్న తంగేడు కింద మోచేతి దాకా చల్లగా తగిలింది. ఆకు రాలి కుళ్ళిన మట్టి, వేరు వెళ్ళిన సందు, వాన దెబ్బ నేరుగా పడకుండా కాసిన నీడ. తేడా అంతే. అదే వాన, అదే నేల. రెండు లక్షలు దేనికి పెట్టాలన్నది ఆ రెండు గుంతలు చూశాక ఆలోచించండి.

బోరు, కుంట, కందకం

మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళు పైన మెత్తబడిన పొరలో, ఆ కింద రాతి పగుళ్ళలో ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి. ఎనిమిదొందల అడుగుల్లో గంగమ్మ దాక్కుని ఉంటుందన్నది ఆశ మాత్రమే. బోరు నీళ్ళను తయారు చెయ్యదు. అది ఏటీఎం కార్డు లాంటిది, ఖాతాలో వేసేది వానే. బోరు, మోటారు, పైపులు అన్నీ కలిపితే రెండు లక్షలు ఇట్టే దాటుతుంది, పడకపోతే అడిగే దిక్కుండదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలన్న సంగతి కూడా చాలామందికి రిగ్గు వచ్చాకే గుర్తొస్తుంది.

పైగా కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దాటిన నీళ్ళు మనుషుల పళ్ళనే కాదు, పశువుల పళ్ళనూ పాడు చేస్తాయి. బోరు నీళ్ళ మీద పశువులను పెంచాలనుకునేవాళ్ళు ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. వాన నీళ్ళ కుంటకు ఈ బెడద ఉండదు.

మరి బోరు ఎవరికి మంచిది? పక్క పొలాల్లో రెండు మూడొందల అడుగుల బోర్లు మే నెలలో కూడా ఆగకుండా పోస్తుంటే, మీకు కావలసింది కంది, మిర్చి చేలు ఎండిపోకుండా కాపాడే రెండు ప్రాణ తడులే అయితే, డ్రిప్ పెట్టుకోగలిగితే, అప్పుడు వేయండి. వరికో, కొత్త బత్తాయి తోటకో అయితే వద్దు. 2003 తర్వాత ప్రకాశం సహా ఏడు జిల్లాల్లో రైతులే తమ బోర్ల నీటిమట్టం కొలుచుకుని, ఊరంతా కూర్చుని ఈ ఏడు ఎన్ని నీళ్ళున్నాయో, ఏ పంట వేయాలో లెక్క వేసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. దాన్ని పంట నీటి బడ్జెట్ అనేవాళ్ళు. నేను చూసినంతలో బోర్లున్న ఊరికి అంతకంటే పనికొచ్చే ఆలోచన రాలేదు. ఒక్కరే పొదుపు చేస్తే పక్కవాడి మోటారు తాగేస్తుంది కాబట్టి ఊరంతా కూర్చోవాలి. అదే కష్టం.

ఇక కుంట. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు అంటే 2 లక్షల లీటర్లు అని చెప్పేవాళ్ళుంటారు. గట్లు నిట్టనిలువుగా ఉంటేనే అది. ఒడ్డు జారకుండా వాలుగా తవ్వితే 1.3 లక్షలకు మించదు. ఎండాకాలంలో రోజుకు 6 నుంచి 8 మిల్లీమీటర్లు గాలికే పోతుంది. గరప నేలలో అడుగున ఇంకిపోయేది వేరే. కాబట్టి మన దగ్గర కుంటలో వేసవి దాకా నీళ్ళు నిలవవు, భూమిలోకి దిగుతాయి. అది నష్టం కాదు, పక్కన పాత బోరో బావో ఉంటే దానికే ఊపిరి. వేసవి దాకా నీళ్ళు నిలబడే కుంట కావాలంటే అడుగున బంక మట్టి దట్టించాలి, లేదా ప్లాస్టిక్ పట్టా పరవాలి. పట్టా పరిస్తే కంచె తప్పదు. జారుడు ఒడ్డున దూడ దిగితే మళ్ళీ ఎక్కలేదు, పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. నీళ్ళు లోపలికి వచ్చే చోట ఒక చిన్న గుంత విడిగా తవ్వితే ఒండ్రు అందులో ఆగుతుంది, లేకపోతే మూడేళ్ళలో కుంట పూడిపోతుంది.

నా మొదటి ఓటు మాత్రం కందకాలకు. వాలుకు అడ్డంగా అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు, తవ్విన మట్టి పల్లం వైపు కట్టగా. పదడుగుల కందకం నిండితే ఆరొందల లీటర్ల పైన పడుతుంది. ఎకరాకు ఆరొందల అడుగులు తవ్వితే ఒక నింపుకు 38 వేల లీటర్లు. చూడటానికి తక్కువే, కానీ ఒక సీజన్‌లో అది పది పదిహేను సార్లు నిండి ఇంకుతుంది. పైగా నీళ్ళు పొలమంతా ఇంకుతాయి, ఒక మూల కాదు. కందకం ఒకే పొడవున తవ్వొద్దు, పదిహేను ఇరవై అడుగులకొకసారి తవ్వకుండా వదలండి. ఎక్కడైనా తెగితే అక్కడి వరకే పోతుంది. కట్ట మీద గిరిపుష్పం, సీతాఫలం, స్టైలో అనే మేత మొక్క విత్తనం వేస్తే మూడో ఏటికి కట్టను వేర్లే పట్టుకుంటాయి. నల్లరేగడి చదును నేలలకు ఈ పద్ధతి పనికిరాదు, నీళ్ళు నిలబడి పంట కుళ్ళుతుంది.

పైసా ఖర్చు లేని పని ఇంకోటుంది. ట్రాక్టరు డ్రైవరును వాలుకు అడ్డంగా దున్నమనండి. మలుపులు ఎక్కువవుతాయని గొణుగుతాడు. ఇంకో వంద ఇవ్వండి.

చిల్లకంప

కొందరు సర్కారు తుమ్మ అంటారు. మొత్తం పీకించి నున్నగా చేయించకండి. మిషన్ బకెట్టుతో పైనున్న కాస్త మంచి మట్టి కూడా పోతుంది. పట్టీలు పట్టీలుగా తీయండి, ఒక పట్టీలో గడ్డి పడ్డాక రెండోది. పైపైన నరికితే నాలుగింతలు చిగురిస్తుంది. మొదలు చుట్టూ తవ్వి మూరెడు లోతున తెంచాలి. కాయలు గొర్రెలకు మేతే, కానీ గింజలు అరక్కుండా పెంటికల్లో పడి మీరు శుభ్రం చేసిన చోటే మొలుస్తాయి. కాయలు తిన్న మందను నేరుగా కొత్త గడ్డి మడిలోకి తోలకండి.

గొర్రెలు, మేకలు, ఒంగోలు ఆవులు

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడేది. ఇరవై ఆడవి, ఒక పొట్టేలు అని లెక్కేసుకుని సంతకు పోతారు. గడ్డి లెక్క వేసుకోరు.

ఈ పని చేయండి. నవంబరు ఆఖరున గడ్డి నిండుగా ఉన్నప్పుడు, నాలుగు కర్రలతో మీటరు చదరం చేసి పొలంలో ఐదు చోట్ల పెట్టండి. బాగున్న చోటే కాదు, బోడి చోట కూడా. అందులోని గడ్డి రెండు వేళ్ళ ఎత్తు వదిలి కోసి, నాలుగు రోజులు ఎండబెట్టి, కూరగాయల తక్కెడలో తూచండి. నాకు మొదటి ఏడు సగటున వంద గ్రాములు వచ్చింది. ఎకరానికి 400 కిలోలన్నమాట. అందులో సగం మేపాలి, సగం వదలాలి, ఎందుకంటే నేలను కాచేది, వేరును బతికించేది ఆ సగమే. మిగిలింది 200 కిలోలు. ముప్ఫై కిలోల గొర్రె రోజుకు కిలో నుంచి కిలోంబావు ఎండు మేతకు సమానంగా తింటుంది, ఏడాదికి 400 కిలోల పైమాటే. అంటే రెండెకరాలకు ఒక గొర్రె. ఐదెకరాలకు రెండున్నర! ఇరవై ఒక్కటి ఎక్కడ తింటాయి? పోరంబోకులో, అడవంచున, పక్కవాళ్ళ చేలల్లో. అవి కూడా ఇప్పుడు ఎవరికీ మిగలడం లేదు.

కాబట్టి కొనడానికి ముందు రెండేళ్ళు కంచె వేసి మూసేయండి. తొలకరికి స్టైలో, అంజన్ గడ్డి విత్తనాలు చల్లండి. గడ్డి కోసి అమ్ముకోండి, లేదా కోసి తెచ్చి ఇంటి దగ్గరి పాడికి వేయండి. మూడో ఏడు మళ్ళీ తూచండి. అప్పుడు ఐదారు గొర్రెలతో మొదలుపెట్టి, అవిశ, సుబాబుల్ కొమ్మలు జత చేస్తూ పెంచుకోవచ్చు. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతు దాటితే బొచ్చు రాలుతుంది, జాగ్రత్త.

మేపడం కూడా మళ్ళుగా. ఐదెకరాలను ఎనిమిది మళ్ళు చేసి, మడికి ఐదు రోజులు మేపితే మొదటి మడికి తిరిగి వచ్చేసరికి 35 రోజులు విశ్రాంతి. కొరికిన గడ్డి వేరులో దాచుకున్న బలంతో కొత్త ఆకు వేస్తుంది. ఆ ఆకును వారంలోపే మళ్ళీ కొరికితే వేరు చిక్కిపోతుంది, రెండు మూడు సార్లకు గడ్డి పోయి నేల బయటపడుతుంది. ఎండాకాలం ఈ విశ్రాంతి కూడా చాలదు, అప్పుడు మేత బయటి నుంచే రావాలి. జింబాబ్వేకు చెందిన అలన్ సేవరీ అనే ఆయన పశువులను పెద్ద మందగా ఒత్తుగా తోలుతూ ముందుకు కదిపితే ఎడారి కూడా పచ్చబడుతుందని 2013లో ఒక ప్రసంగంలో చెప్పి పేరు తెచ్చుకున్నారు. శాస్త్రవేత్తలందరూ ఒప్పుకోలేదు, మితంగా మేపిన చోట్లతో పోలిస్తే పెద్ద తేడా లేదన్న పరిశీలనలూ ఉన్నాయి. గడ్డికి విశ్రాంతి అన్న మాట వరకు నేను తీసుకుంటాను. మందను పెంచమన్న మాట మన పలచటి గరపకు సరిపోదు.

జీవాల్లో ఏది? నెల్లూరు గొర్రెల్లో జోడిపి రకం కళ్ళ చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలతో తెల్లగా, పొడుగు కాళ్ళతో ఉంటుంది. ఎండలో మైళ్ళు నడిచే జాతి. పల్ల తెల్లగా, దొర ఎర్రగా ఉంటాయి. మూడూ మన నేలవే, బయటి జాతుల జోలికి పోనక్కర్లేదు. వానలు మొదలవక ముందే నీలి నాలుక, పారుడు, చిటుక రోగాలకు టీకాలు, నట్టల మందు అయిపోవాలి. అక్టోబరు ముసురులో బురద దొడ్లో ఉన్న మందకు నీలి నాలుక సోకిందంటే ఏడాది లాభం వారంలో పోతుంది. మేకలు గడ్డికంటే పొదలు, కొమ్మలు ఇష్టపడతాయి, కాబట్టి కంప ఎక్కువున్న పొలానికి అవి నయం, లేత చెట్లు పెట్టిన పొలానికి అవే శత్రువులు.

ఒంగోలు ఆవు అంటే నాకూ మనసు లాగుతుంది. బ్రెజిల్‌లో ఆ జాతికి మన నెల్లూరు పేరే పెట్టుకుని నెలోర్ అంటారు. 1960ల్లో ఇక్కడి నుంచి వెళ్ళిన కరవది అనే కోడె పేరు అక్కడి రైతులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ వాళ్ళకున్న బీళ్ళు వేరు, వానలు వేరు. నాలుగొందల కిలోల ఆవు రోజుకు పది కిలోల ఎండు మేత తింటుంది. నా పొలం మొదటి ఏటి లెక్కన ఒక ఆవుకు పద్దెనిమిదెకరాలు కావాలి. జొన్న చొప్ప, వరిగడ్డి చేతిలో ఉన్న తూర్పు వైపు వాళ్ళు పెంచుకోండి. మెట్టలో ఇంటికి ఒకటి, పేడకూ పాలకూ. అంతకు మించి వద్దు.

గొర్రెలు కొనకుండా గొర్రెల ఎరువు

పొలానికి కావలసింది గొర్రె కాదు, గొర్రె పెంటిక, ఉచ్చ. మన వైపు పంట లేని నెలల్లో మందలవాళ్ళు డబ్బుకో, గింజలకో పొలంలో రాత్రులు మంద పెడతారు. మూడు రాత్రులు ఒక చోట, తర్వాత పక్కకు జరపాలి. మందతో ఉండే మనిషికి సంగటో అన్నమో మీ ఇంటి నుంచి పోవాలి, అది మర్యాద. తెల్లారగానే మీద మట్టి పడేలా తేలిగ్గా దున్నితే ఉచ్చలోని సారం గాలికి పోదు. కాపరి లేని ఇంటికి, ఇరవై ఒక్క గొర్రెలు కొని టెన్షన్ పడటం కంటే ఇది ఎంతో మెరుగు.

దీనితో పోల్చాల్సినవి ఇంకో మూడు. చెరువు మట్టి గరప నేలకు దేవుడిచ్చిన మందు, తేమ పట్టి ఉంచుతుంది. కానీ చవుడు మట్టి తోలుకుంటే తర్వాత తీయలేరు, ముందు భూసార పరీక్ష చేయించండి. జీవామృతం, అంటే 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, ఉచ్చ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఖర్చు తక్కువ, కానీ నేలలో కుళ్ళడానికి ఆకు అలమా ఏమీ లేకపోతే ఒట్టి బీడు మీద పోసి లాభం లేదు. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో నాకు బాగా నచ్చింది ఇది కాదు, తొలకరికి ముందే వేసే నవధాన్యాల విత్తనం. సజ్జ, జొన్న, అలసంద, పిల్లిపెసర, నువ్వు, ఆముదం, జనుము, ఏవి దొరికితే అవి కలిపి, మట్టీ, పేడతో గట్టిగా చేసే ఘన జీవామృతం పూసి గుళికలు చేసి ఏప్రిల్, మే నెలల్లో చల్లుతారు. ఏడాది పొడుగునా నేల మీద పచ్చ ఉండాలన్నది వాళ్ళ పట్టు. మా వైపు ఎండకు, మీద చొప్పో ఆకో కప్పకపోతే మొలిచినవి సగం మాడిపోతాయి. కప్పితే నిలుస్తాయి. నేను మొదటిసారి కప్పలేదు, రెండోసారి కప్పాను.

జామాయిల్ గురించి అడుగుతారు. ఊళ్ళో ఉండలేని వాళ్ళకు నాలుగేళ్ళకోసారి డబ్బు, నిజమే. కింద గడ్డి పెరగదు, మొద్దులు తీయించడానికి తర్వాత బోలెడు ఖర్చు, కాగితం మిల్లుల ధర మన చేతిలో ఉండదు. నేల బాగుపడాలని మొదలుపెట్టినవాళ్ళకు ఇది దారి కాదు.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాళ్ళు కందకాలు, కంచె, సీతాఫలం, చింత, ఉసిరితో ఆగండి. జీవాలు వద్దు, జీతగాడి మీద వదిలిన మంద మంద కాదు. ఊళ్ళోనే ఉండి, ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంటే కందకాలు, నవధాన్యాలు, మంద రాత్రులు, మూడో ఏడు సొంత గొర్రెలు. నడుస్తున్న బోరు ఉన్నవాళ్ళు ముందు దాని పక్కన కుంట తవ్వండి, తర్వాతే ఇంకేమైనా.

మా బావ సగం విన్నాడు. రిగ్గు మానేసి రెండెకరాల్లో కందకాలు తవ్వించాడు. గొర్రెల విషయంలో మాత్రం ఆగలేక ఏడు కొని తెచ్చి, ఇప్పుడు గడ్డి ఉందా బావా అని నాకే ఫోన్ చేస్తున్నాడు. దీపావళి తర్వాత వానకు మూడో కందకం తెగింది. ఇద్దరం వెళ్ళి చూశాం. తెగిన చోట కట్ట ఎత్తు బాగానే ఉంది, గీతే తప్పు, జానెడు పల్లంలోకి దిగింది. కందకం గీత వేయడానికి మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ళ పైపు వాడాం. రెండు కొసలూ రెండు కర్రలకు కట్టి, నీళ్ళు రెండు వైపులా ఒకే ఎత్తున నిలిచిన చోట ముగ్గు పోసుకుంటూ పోవాలి. ఆ రోజు ఎండకు తొందరపడి పైపులో బుడగ చూసుకోలేదు. మీరు చేసేటప్పుడు ఒక కొసను బిందెలో ముంచి, రెండో కొస నుంచి బుడగలన్నీ పోయేదాకా నీళ్ళు వదలండి. పైపు కూడా లోపల కనిపించే తెల్లదే కొనండి, పచ్చది కాదు.